రొమ్ము క్యాన్సర్ వ్యాప్తి – రక్తనాళపు లోపొర: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రొమ్ములో పుట్టిన క్యాన్సర్ అక్కడికే పరిమితమైతే ప్రాణాంతకం కావడం అరుదు. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకినప్పుడే ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఈ వ్యాప్తినే మెటాస్టాసిస్ అంటారు. రక్తం ద్వారా వ్యాపించే క్యాన్సర్ కణం సాధారణంగా రక్తనాళపు లోపొరను రెండుసార్లు దాటాలి. కణితి వద్ద రక్తంలోకి ప్రవేశించేటప్పుడు ఒకసారి, దూరపు అవయవంలో వెలుపలికి వచ్చేటప్పుడు మరొకసారి. ఒకే వరుస కణాలతో ఏర్పడిన ఈ లోపొర పేరు ఎండోథీలియం. చాలాకాలం కేవలం గొట్టపు గోడగా భావించిన ఈ పొరకు వ్యాధి గమనంలో పాత్ర ఉందని వైద్యులు గుర్తించిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

విత్తనం – నేల

లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది వివరాలను క్రోడీకరించి 1889లో ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. వారిలో 241 మందికి కాలేయంలో కణితులు ఉండగా, ప్లీహంలో ఉన్నది 17 మందికే. రెండు అవయవాలకూ రక్తప్రసరణ సమృద్ధిగా ఉన్నప్పుడు ఇంత వ్యత్యాసం ఎందుకు? అవయవ స్వభావమే దీనికి కారణమని పాజెట్ భావించి, విత్తనం, నేల అనే ఉపమానంతో వివరించాడు.

ఆనాటి చికిత్స మాత్రం మరో దారిలో సాగింది. వ్యాధి శోషరస గ్రంథుల మీదుగా అంచెలంచెలుగా పాకుతుందన్న నమ్మకంతో అమెరికా వైద్యుడు విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను, చంక గ్రంథులను కూడా తొలగించే శస్త్రచికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. 1928లో జేమ్స్ యూయింగ్ రక్తప్రవాహ మార్గమే వ్యాప్తిని నిర్ణయిస్తుందని వాదించాడు. ఈ వాదంలో రక్తనాళం కేవలం దారి మాత్రమే.

గోడ నుండి పాత్రధారిగా

1971లో జూడా ఫోక్‌మన్ కణితి తన పెరుగుదలకు కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుందని ప్రతిపాదించాడు. 1973 ప్రాంతంలో బొడ్డుతాడు సిర నుండి ఎండోథీలియల్ కణాలను సేకరించి ప్రయోగశాలలో పెంచే పద్ధతి స్థిరపడింది. దీనితో ఆ కణాలను విడిగా పరీక్షించే అవకాశం లభించింది.

2008లో న్యూయార్క్‌లో జోన్ మస్సాగే బృందం ఒక కీలక విషయాన్ని వెల్లడించింది. రొమ్ము కణితిలోని టీజీఎఫ్-బీటా అనే సంకేతం క్యాన్సర్ కణాలచేత ఏఎన్‌జీపీటీఎల్4 అనే ప్రోటీన్‌ను ఉత్పత్తి చేయిస్తుంది. అది ఊపిరితిత్తుల కేశనాళికలలో కణాల మధ్య అతుకులను సడలిస్తుంది. 2014లో కాలిఫోర్నియా పరిశోధకులు మరో మార్గాన్ని చూపారు. రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్సోసోములనే సూక్ష్మ సంచులలో ఎంఐఆర్-105 అనే ఆర్‌ఎన్‌ఏను పంపుతాయి. అది ఎండోథీలియల్ కణాలలో జెడ్‌ఓ-1 అనే అతుకు ప్రోటీన్‌ను తగ్గించగా గోడ బలహీనపడుతుంది. అంటే క్యాన్సర్ కణం తెరిచి ఉన్న దారిన పోవడమే కాక, దారిని తానే తెరుచుకోగలదు.

చికిత్సపై ప్రభావం

కణాలు తొలిదశలోనే రక్తంలో కలవవచ్చన్న అవగాహన చికిత్సను మార్చింది. కణితిని మాత్రమే తొలగించి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తొలగించినా రోగుల జీవితకాలంలో తేడా లేదని బెర్నార్డ్ ఫిషర్ బృందం 1985లో నిరూపించింది. 1976లో ఇటలీలో జియాన్ని బొనడొన్నా శస్త్రచికిత్స తరువాత మూడు మందుల చికిత్స ప్రయోజనాన్ని చూపాడు. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్, భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందింది.

రక్తనాళాలనే లక్ష్యంగా చేసుకున్న ప్రయత్నం మాత్రం ఇంత సఫలం కాలేదు. కొత్త రక్తనాళాలను అడ్డుకునే బెవాసిజుమాబ్‌కు అమెరికాలో 2008లో వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌కై అనుమతి లభించింది. రోగుల ఆయుష్షు పెరిగినట్లు రుజువు కాకపోవడంతో 2011లో ఆ అనుమతి రద్దయింది.

ముగింపు

పాజెట్ ప్రశ్నకు నేడు లభిస్తున్న సమాధానంలో విత్తనం, నేలలతో పాటు మధ్యనున్న గోడకూ స్థానం ఉంది. అతుకులు సడలే తీరు ప్రధానంగా ఎలుకలలో, ప్రయోగశాల కణాలలో తెలిసిన విషయం. దానిని రోగికి ఉపయోగపడే చికిత్సగా మార్చడానికి బెవాసిజుమాబ్ అనుభవం ఒక హెచ్చరిక: రక్తనాళాన్ని అర్థం చేసుకోవడం వేరు, రోగి ఆయుష్షును పెంచడం వేరు.