గడియారాన్ని చూసి ఇచ్చిన మందు: సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ చరిత్ర

లండన్ దక్షిణ భాగంలోని సిడెన్‌హామ్‌లో, లారీ పార్క్ రోడ్డు మీద 1967 జులై 24న యువరాణి అలెగ్జాండ్రా ప్రారంభించిన సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి మాతృసంస్థగా పరిగణిస్తారు. నయం కాదని తేలిన జబ్బుతో చివరి నెలలు, వారాలు గడుపుతున్నవారి బాధను తగ్గిస్తూ, వారి కుటుంబాన్ని కూడా పట్టించుకునే సంస్థను హాస్పిస్ అంటారు. మరణాసన్నులకు ఆశ్రయమివ్వడం అంతకుముందు ఎరగని పనేమీ కాదు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఝాన్ గార్నియే 1840లలోనే అటువంటి గృహానికి పునాది వేయగా, ఐరిష్ సిస్టర్స్ ఆఫ్ చారిటీ సన్యాసినులు 1879లో డబ్లిన్‌లో అవర్ లేడీస్ హాస్పిస్‌ను, 1905లో తూర్పు లండన్‌లోని హాక్నీలో సెయింట్ జోసెఫ్స్‌ను నెలకొల్పారు. ఈ గృహాల్లో దయకు కొదవ లేదు. నొప్పిని శాస్త్రీయంగా అదుపు చేసే పద్ధతి, చేసిన చికిత్సను రాసిపెట్టే క్రమం, దాన్ని ఇతర వైద్యులకు నేర్పే ఏర్పాటు మాత్రం లేవు. సిడెన్‌హామ్ సంస్థ ఈ మూడింటినీ రోగి మంచం దగ్గరకే తెచ్చింది.

స్థాపకురాలు సిసిలీ సాండర్స్ 1918లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా రెండో ప్రపంచయుద్ధం రావడంతో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సు శిక్షణ పొంది, వెన్నునొప్పి వల్ల ఆ వృత్తిని విడిచి, రోగుల ఆర్థిక, కుటుంబ సమస్యలు చూసే ఆల్మనర్‌గా, అంటే నేటి మాటలో వైద్య సామాజిక కార్యకర్తగా కుదురుకున్నారు. క్యాన్సర్‌తో మరణశయ్యపై ఉన్న పోలండ్ యూదు శరణార్థి డేవిడ్ టాస్మా ఆ ఉద్యోగంలోనే ఆమెకు పరిచయమయ్యాడు. అతనిలాంటివారికి తగిన చోటు ఎలా ఉండాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. 1948 ఫిబ్రవరిలో కన్నుమూసిన టాస్మా తన 500 పౌండ్లను ఆమెకు రాసిచ్చాడు. హాస్పిస్ కథ చెప్పేవారంతా ఈ 500 పౌండ్ల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. ఆ సొమ్ముకూ ప్రారంభోత్సవానికీ మధ్య గడిచిన 19 ఏళ్లే చరిత్రకు ఎక్కువ పనికివస్తాయి.

బేస్‌వాటర్‌లోని సెయింట్ ల్యూక్స్ గృహంలో సాయంత్రాలు స్వచ్ఛందంగా పనిచేసిన సాండర్స్ అక్కడ ఒక విశేషాన్ని గమనించారు. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌ను సాధారణ ఆసుపత్రుల్లో నొప్పి భరించరానిదై రోగి అడిగాక, అదీ వ్యసనమవుతుందన్న జంకుతో, సూదిమందుగా ఇచ్చేవారు. మందు ప్రభావం తగ్గగానే నొప్పి మళ్లీ విజృంభించేది, రోగి ఒక మోతాదుకూ మరో మోతాదుకూ మధ్య భయంతో గడియలు లెక్కపెట్టుకునేవాడు. సెయింట్ ల్యూక్స్‌లో మాత్రం నొప్పి తిరగబెట్టకముందే, సుమారు నాలుగు గంటలకొకసారి, నోటి ద్వారానే మందు పట్టేవారు. ఈ పద్ధతిని నర్సుగానో ఆల్మనర్‌గానో సమర్థిస్తే వినేవారు లేరని, మరణాసన్నులను విడిచిపెడుతున్నది వైద్యులే గనుక వైద్యురాలిగానే ఆ మాట చెప్పాలని శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ సలహా ఇవ్వగా, ముప్పై దాటిన వయసులో ఆమె వైద్యవిద్యలో చేరి 1957లో పట్టా పొందారు. మరుసటి ఏడాది పరిశోధకురాలిగా హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్‌కు వెళ్లి, క్రమం తప్పని మోతాదుల పద్ధతిని అక్కడ ప్రవేశపెట్టి, వెయ్యికి పైగా రోగుల వివరాలను నమోదు చేశారు. నొప్పి అదుపులో ఉన్న రోగి మందు కోసం వెంపర్లాడడని, మోతాదును అంతులేకుండా పెంచవలసిన అవసరమూ సాధారణంగా రాదని ఆ నమోదులు చూపాయి. దేహబాధతోపాటు మానసిక, కుటుంబ, ఆధ్యాత్మిక క్షోభలు పెనవేసుకుని ఉంటాయని, వాటిని విడదీసి వైద్యం చేయడం కుదరదని చెప్పే ‘సమగ్ర వేదన’ భావనను ఆమె 1960ల్లో ప్రతిపాదించారు.

కొత్త సంస్థ ఎందుకు అవసరమో వివరించే ముసాయిదాను 1959లో రాసి మిత్రులకు పంపాక, 1961లో ధార్మిక సంస్థగా నమోదు జరిగింది. క్రైస్తవ విశ్వాసంతో పుట్టిన ఆలోచన కాబట్టి మతసమాజంగా ఉండాలా, వైద్యసంస్థగా ఉండాలా అన్న చర్చ చాలాకాలం నడిచింది. ప్రార్థనామందిరం ఉంటూనే, ఏ మతంవారైనా, మతమే లేనివారైనా చేరగల చోటుగా ఉండాలన్న నిర్ణయం చివరికి నిలిచింది. ప్రభుత్వ ఆరోగ్యవ్యవస్థ రోగులందరికీ ఉచితంగా వైద్యం అందిస్తున్న దేశంలో సాండర్స్ ఆ వ్యవస్థలో విభాగంగా కలిసిపోకుండా, దాని నుంచి కొంత నిధి తీసుకుంటూనే బయట నిలబడ్డారు. లోపల ఉంటే కొత్త పద్ధతులను ప్రయత్నించే స్వేచ్ఛ ఉండదని ఆమె లెక్క. ఆ లెక్క తప్పలేదు గాని, దాని మూల్యంగా నిధుల సేకరణ సంస్థకు నిత్యకృత్యమైంది.

54 పడకలతో మొదలైన భవనంలో మంచాలను తోటలోకి తోసుకెళ్లే వీలుంది. వృద్ధుల నివాసానికి ఒక విభాగాన్ని, సిబ్బంది పిల్లల కోసం ఆటపాటల గదిని కూడా ఏర్పాటు చేయడంతో మృత్యువు ఇంట్లో పసిపిల్లల సందడి వినిపించేది. సందర్శకులకు దాదాపు రోజంతా తలుపులు తెరిచి ఉంచి, సోమవారం మాత్రం రావద్దనేవారు. రోగి దగ్గర కాసుకుని కూర్చున్న కుటుంబం అపరాధభావం లేకుండా ఒకరోజు విశ్రాంతి తీసుకోవాలన్నది ఆ నియమంలోని లోతైన మర్యాద.

పడకలు అవసరానికి చాలవని, చాలామంది రోగులు ఇంట్లోనే ఉండాలని కోరుకుంటారని త్వరలోనే తేలింది. 1969లో నర్సుల బృందాలు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాయి. మనోవైద్యుడు కాలిన్ ముర్రే పార్క్స్ మార్గదర్శకత్వంలో, ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకు తోడ్పాటు అందించే సేవ రూపుదిద్దుకుంది. ఈ హాస్పిస్‌లోనే పరిశోధన చేసిన వైద్యుడు రాబర్ట్ ట్వైక్రాస్ 1970ల్లో జరిపిన పరీక్షలు మార్ఫిన్‌కూ, దాని రూపాంతరమైన డయామార్ఫిన్‌కూ నోటి ద్వారా ఇచ్చినప్పుడు చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చాయి. కొకెయిన్, మద్యం కలిపి తయారుచేసే ‘బ్రాంప్టన్ కాక్‌టెయిల్’ స్థానంలో సాదా మార్ఫిన్ ద్రవం వ్యాపించడానికి ఈ ఫలితాలు దోహదపడ్డాయి. ఇంత ముఖ్యమైన పని ఆసుపత్రిలో కాక, చందాలతో నడిచే హాస్పిస్‌లో జరిగిందన్నది గమనించవలసిన విషయం. నయం కాని జబ్బులో బాధను తగ్గించే ఈ ఉపశమన వైద్యాన్ని బ్రిటన్ 1987లో ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది. సాండర్స్ 2005 జులై 14న తాను కట్టించిన హాస్పిస్‌లోనే మరణించారు. నేడు ఆ సంస్థ దక్షిణ లండన్‌లోని ఐదు బరోలలో సేవలందిస్తూ, పాతవస్తువులమ్మే ధార్మిక దుకాణాల ద్వారా కూడా నిధులు కూడగడుతోంది.

హాస్పిస్ ఆలోచన భారతదేశానికీ చేరింది. ఇక్కడ తొలి హాస్పిస్‌గా పేరొందిన శాంతి అవేదన సదన్ 1986లో ముంబయిలో ప్రారంభమైంది. కోజికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు మొదలుపెట్టిన ఉపశమన సేవా సొసైటీ భవనం కట్టే పని పెట్టుకోకుండా, వైద్యకళాశాల బయటి రోగుల సేవతో ఆరంభించి, క్రమంగా పొరుగువారినే స్వచ్ఛంద సేవకులుగా మలచుకుంది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు ఎగుమతి చేసే ఈ దేశంలోనే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠిన శిక్షలు, రకరకాల లైసెన్సులు విధించడంతో మార్ఫిన్ ఆసుపత్రుల అలమారల నుంచి దాదాపు మాయమైంది. ఆ చట్టాన్ని 2014లో సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి ఇచ్చే ఒకే లైసెన్సు చాలునన్నారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగాన్ని నడుపుతోంది. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ చొరవతో 2011లో వెలసిన స్పర్శ్ హాస్పిస్ అంత్యదశ రోగులకు రుసుము తీసుకోకుండా పడకలు కేటాయిస్తూ, ఇళ్లకు వెళ్లే బృందాలను కూడా దాతల విరాళాలతోనే నడుపుకొస్తోంది.