పట్టముపై ముద్ర ఎవరిది?

విద్యను దానము చేయవలెనే కాని విక్రయింపరాదని మన పెద్దలు చెప్పుచుండిరి. వీథిబడినాటికి ఆ మాట చాలియుండెను. కాని సాంకేతికవిద్య యిసుకలో అక్షరములు దిద్దినంత మాత్రమున వచ్చునది కాదు. దానికి యంత్రములు కావలెను, ప్రయోగశాలలు కావలెను, జీతములిచ్చి నిలుపుకొనదగిన ఆచార్యులు కావలెను. ఈ వ్యయమును ఎవరు భరింపవలె ననునది మొదటి ప్రశ్న. రుసుము పుచ్చుకొని చదువు చెప్పిన సంస్థయే పరీక్ష జరిపి, పట్టముపై తన ముద్రను తానే వేసికొనవచ్చునా యనునది రెండవ ప్రశ్న. మన దేశమున ప్రైవేటు సాంకేతిక విశ్వవిద్యాలయముల చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

మోత్కూరు వంటి మెట్టప్రాంతపు టూరిలో ఈ చరిత్ర గ్రంథములకు సంబంధించిన విషయము కాదు. ఇంటర్మీడియేటు ముగిసిన కుమారుని, కుమార్తెను ఏ కళాశాలలో చేర్పింతుమా యని వేసవిలో ఆలోచించు ప్రతి యింటికిని సంబంధించినది. వలిగొండ, భువనగిరి మీదుగా హైదరాబాదునకు పోవువారు ఘటకేసరు ప్రాంతమున ఎన్ని కళాశాలల ఫలకములు చూచుచున్నారో మనకు తెలియును. ఆ ఫలకములమీది పేర్లు ఇరువది యేండ్లలో ఎట్లు మారినవో పరిశీలించినచో చరిత్ర సగము బోధపడును.

పూర్వము సాంకేతికవిద్య ప్రభుత్వము చేతిలోనే యుండెను. ఉస్మానియా ఇంజనీరింగు కళాశాల 1929లో ఏర్పడినది. 1965లో హైదరాబాదున నాగార్జునసాగర్ ఇంజనీరింగు కళాశాల వెలసినది. నల్లగొండ సీమలోని ఆనకట్ట పేరే దానికి పెట్టబడినది. ఆ కళాశాలను, కాకినాడ, అనంతపురము కళాశాలలను కలిపి 1972 అక్టోబరు 2న జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించిరి. సీట్లు కొద్ది, కోరువారు వేలు. ఈ కొరతనుండియే ప్రైవేటు కళాశాలలు పుట్టినవి. హైదరాబాదున చైతన్యభారతి 1979లోను, విశాఖపట్టణమున గీతం 1980లోను ప్రారంభమైనవి. ఇవి ప్రైవేటు సంస్థలే యైనను వీనిలో చదివినవారికి పట్టమిచ్చునది మాత్రము ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. బోధన ఒకరిది, ముద్ర వేరొకరిది. నాటి యేర్పాటులోని రక్షణ యంతయు ఆ వేరుపాటులోనే యుండెను.

రుసుముల వివాదము మాత్రము త్వరలోనే తల యెత్తెను. ప్రవేశమునకు ముందే పెద్ద మొత్తములు వసూలు చేయుటను కాపిటేషన్ ఫీజు అనిరి. జనులు దానినే డొనేషన్ అనిరి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1983లో దీనిని నిషేధించుచు చట్టము చేసెను. అయినను 1992లో ఆ చట్టమునకే సవరణ తెచ్చి, ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలలో కొన్ని సీట్లను యాజమాన్యములు తమ యిచ్చవచ్చినట్లు నింపుకొనుటకు త్రోవ కల్పించిరి. అదే యేట 20 ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు అనుమతులిచ్చిరి. ఉన్నత న్యాయస్థానము ఆ సవరణను కొట్టివేసెను, అనుమతులను కూడ కొట్టివేసెను. నాటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి రాజీనామా చేసిరి.

ఈ వ్యాజ్యములు సుప్రీంకోర్టునకు చేరి, ఉన్నికృష్ణన్ కేసు అను పేర 1993 ఫిబ్రవరి 4న తీర్పు వచ్చెను. సీట్లలో సగము స్వల్ప రుసుముతోను, సగము అధిక రుసుముతోను ఇయ్యవలెను. రెండును మార్కుల వరుసననే నింపవలెను. ఇది ఆ తీర్పు చేసిన యేర్పాటు. అందు మరియొక మాట కూడ నుండెను. పదునాలుగేండ్ల లోపు బాలబాలికలకు విద్య ప్రాథమిక హక్కని న్యాయమూర్తులు చెప్పిరి. 2002లో 86వ రాజ్యాంగసవరణము ఆ హక్కును రాజ్యాంగమున చేర్చెను. పెద్ద చదువుల రుసుములపై వచ్చిన తగవులో పల్లెబడి పిల్లల హక్కు వెలుగుచూచుట చరిత్రలోని విశేషము.

అయితే ఆ సగపాలు ఏర్పాటు నిలువలేదు. 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పై కేసులో పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని త్రోసిపుచ్చెను. వారు చూపిన కారణములలో నొకటి మన ప్రాంతమువారు ఆలోచింపదగినది. పట్టణములలో మంచి బడులలో చదివిన సంపన్నుల బిడ్డలు అధిక మార్కులతో చౌక సీట్లు పొందుచుండగా, పల్లెటూరి విద్యార్థి ఎక్కువ రుసుము చెల్లించి వారి చదువు భారమును మోయుచున్నాడని వారు గమనించిరి. అటుపిమ్మట 2003లో రుసుముల నిర్ణయమునకు విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన సంఘములు ఏర్పడవలెనని తీర్పు వచ్చెను. 2005లో ఇనాందార్ కేసున, ప్రైవేటు సంస్థలకు స్వాతంత్ర్యము కలదు గాని కాపిటేషన్ ఫీజునకును లాభాపేక్షకును తావులేదని సుప్రీంకోర్టు చెప్పెను.

మొదటి ప్రశ్నకు ఇట్లు కొంత సమాధానము దొరకెను. ఇక రెండవ ప్రశ్న. 1956 నాటి విశ్వవిద్యాలయ నిధుల సంఘ చట్టము దీనిని స్పష్టముగనే చెప్పినది. పార్లమెంటు గాని రాష్ట్ర శాసనసభ గాని చేసిన చట్టముచే ఏర్పడినదియో, విశ్వవిద్యాలయముతో సమానముగ కేంద్రప్రభుత్వముచే ప్రకటింపబడినదియో తప్ప అన్యసంస్థ పట్టము లీయరాదు. ఆ పేరు కూడ పెట్టుకొనరాదు. మీరినవారికి ఆ చట్టము విధించిన జరిమానా ఎంత యనుకొందురు? వేయి రూపాయలకు మించనిది! 1956లో అది పెద్ద మొత్తమే. పిమ్మట వచ్చిన కాలమున నొక విద్యార్థి యొక పరీక్షకు చెల్లించు రుసుముతో పోల్చదగినది.

చట్టమున్నను పేరు ఎంత సులభముగ దొరకెనో ఛత్తీస్‌గఢ్ చూపెను. ఆ రాష్ట్రమున 2002 నాటి చట్టము క్రింద, భవనము గాని ఆచార్యులు గాని ఉన్నారో లేరో విచారింపకయే 112 ప్రైవేటు విశ్వవిద్యాలయములు ప్రకటింపబడినవి. సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఆచార్య యశపాల్ సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 2005 ఫిబ్రవరిలో న్యాయస్థానము వానినన్నిటిని రద్దు చేసెను. డీమ్డ్ సంస్థల విషయమునను ఇట్టి చిక్కులే వచ్చినవి. గీతం 2007లో డీమ్డ్ హోదా పొందినది. 2009లో టాండన్ సంఘము దేశమున 44 డీమ్డ్ సంస్థలకు ఆ హోదా తగదని అభిప్రాయపడెను. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, నాలుగు డీమ్డ్ సంస్థలు అనుమతి లేక దూరవిద్యలో నిచ్చిన ఇంజనీరింగు పట్టములను ప్రశ్నించి, కొన్నిటిని నిలిపివేసెను, కొన్నిటిని రద్దు చేసెను. డీమ్డ్ సంస్థలు తమ పేరులో ‘యూనివర్సిటీ’ అను మాట వాడరాదని కూడ చెప్పెను.

తెలంగాణమున 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయముల చట్టము వచ్చెను. 2020లో మహీంద్ర, వోక్సెన్, మల్లారెడ్డి, ఎస్.ఆర్., అనురాగ్ అను అయిదు సంస్థలకు ఆ హోదా లభించెను. వీనిలో అనురాగ్ మనకు ఘటకేసరు వైపున దగ్గరిది. అది 2002లో సి.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగు కళాశాలగా మొదలైనది. సీట్లలో నాలుగవవంతు తెలంగాణ విద్యార్థుల కని చట్టము చెప్పినది. అనుబంధ కళాశాల రుసుమును నియంత్రణ సంఘము నిర్ణయించుచుండగా, ఈ సంస్థలు తమ రుసుమును తామే నిర్ణయించుకొనును. వెనుకబడిన వర్గముల వారికి రిజర్వేషన్లు ఏవి యని విద్యార్థి సంఘములు అడిగినవి. పాఠ్యప్రణాళికను ఏటేట మార్చుకొని, పరిశ్రమల అవసరములకు తగినట్లు తీర్చుటకు స్వాతంత్ర్యము కావలెనని యాజమాన్యములు బదులు చెప్పినవి. రెండు వాదములలోను సత్యము కలదు.

2022లో మరికొన్ని సంస్థలను చేర్చుచు శాసనసభ బిల్లు నామోదించెను; గవర్నరు సమ్మతి మాత్రము వెంటనే రాలేదు. 2023 మార్చిలో ప్రభుత్వము ఈ బిల్లుతోబాటు మరికొన్నింటి జాప్యముపై సుప్రీంకోర్టు నాశ్రయించెను. ఇంతలో బిల్లు చట్టము కాకమునుపే ఇబ్రహీంపట్నము దగ్గరి గురునానక్, ఘటకేసరు దగ్గరి శ్రీనిధి సంస్థలు విశ్వవిద్యాలయము పేర ప్రవేశములు జరిపినవని వివాదము చెలరేగెను. రుసుములు చెల్లించిన తల్లిదండ్రులు తమ బిడ్డల పట్టముపై ఎవరి ముద్ర పడునో తెలియక ఆందోళన చేసిరి.

బిల్లునకును చట్టమునకును మధ్యనున్న దూరము న్యాయశాస్త్రజ్ఞునికి ఒక సంతకము. ఆ యింటివారికి ఒక సంవత్సరపు పంట, లేదా కుదువబెట్టిన పొలము. ప్రైవేటు విశ్వవిద్యాలయము లెల్ల మోసములని మేము చెప్పుట లేదు. వానిలో చదివి ప్రయోజకులైనవారు మన పల్లెలలోనే కలరు. చరిత్ర నేర్పునది మరియొకటి. గడచిన నలువది యేండ్లలో ఏ తీర్పును విద్యార్థి చేరకముందు రాలేదు. చేరి, రుసుము కట్టి, ఏండ్లు గడచిన పిమ్మటనే వచ్చినది. న్యాయము ఆలస్యముగ నడచును, వయస్సు ఆగదు.

కావున ప్రవేశమునకు ముందే మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ విశ్వవిద్యాలయము ఏ చట్టముచే, ఏ తేదీన ఏర్పడినది? విశ్వవిద్యాలయ నిధుల సంఘపు జాబితాలో దీని పేరు కలదా? నాలుగేండ్ల రుసుము ఎంత, నడుమ పెంచుదురా? అడుగుటలో చిన్నతనము లేదు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి కొనువారము మనము. బిడ్డ చదువునకు ముద్ర చూచి పంపుట తప్పగునా?