ఉప్పు ఎక్కిన దారి, ఇనుము దిగిన దారి

విశాఖ కథ ఎవరు చెప్పినా సముద్రంతోనే మొదలుపెడతారు. నన్నడిగితే సగం కథ కొండల్లో ఉంది.

కొండమీద పండనిది ఉప్పు. ఘాట్ రోడ్లు పడకముందు లంబాడీలు దాన్ని ఎద్దుల వీపున వేసుకుని సాలూరు మీదుగా సుంకి, పొట్టంగి కనుమలెక్కి జయపురం, బస్తరు దాకా తోలుకెళ్ళేవారు. బండి చక్రం తిరగని ఏటవాలులో ఎద్దుకు రెండువైపులా గోనెలు తూకంగా వేలాడాలి. ఒకవైపు బరువు ఎక్కువైతే ఎద్దు లోయ పాలే. తిరుగు ప్రయాణంలో ధాన్యం, నూనెగింజలు దిగేవి. అలా దిగిన కొండ కరక్కాయలు ఓడెక్కింది మాత్రం భీమిలి రేవులో. విశాఖలో హార్బరు తెరిచింది 1933లో కదా!

మనుషులూ ఈ దారులనే నడిచారు. అరకు సంతలో ఇప్పటికీ తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియాలో బేరాలు సాగుతాయి. 1936లో ఒడిశా ఏర్పడేవరకు కొరాపుట్ కూడా మన విశాఖ జిల్లాలోదే. సరిహద్దు గీత కొత్తది, రాకపోకలు పాతవి.

ఇక చింతపల్లి మన్యంలోని లంబసింగి దారి. చలికాలంలో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరే ఆ ఘాట్ రోడ్డు కోసం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత వెట్టి చేయించాడు. అడవిలో పోడు కొట్టనివ్వకపోవడం, పైగా ఈ రోడ్డు పనీ కలిసి మన్యాన్ని మండించాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. సెల్ఫీలు దిగేచోట ఈ సంగతి చెప్పే బోర్డు ఒకటి పెడితే తప్పేముంది?

1960వ దశకంలో ఈ కొండల మీదుగానే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం పడింది. అరకు అందాల కోసం కాదు, బస్తరులోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు మిల్లులకు పంపడానికి. మార్గంలో యాభైకి పైగా సొరంగాలు, శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తు. ఖనిజం మోసే పెద్ద ఓడల కోసం 1976లో విశాఖలో ఔటర్ హార్బరు వచ్చింది. తర్వాత మన ఉక్కు ఫ్యాక్టరీ కొలిములకూ ఆ ఖనిజమే ఆధారమైంది.

దారి మన ఊరికి దిగింది కానీ గని మనది కాలేదు. సొంత ఇనుప గని లేని విశాఖ ఉక్కు ఖనిజాన్ని నేటికీ కొనుక్కునే కొలిమిలో వేస్తోంది.