ముప్పది మిల్లీగ్రాముల గీత

సూళ్లూరుపేట మీదుగా పోవు మద్రాసు–కలకత్తా రహదారిపై ఒక లారీ వచ్చుచున్నదనుకొందము. డ్రైవరు నోట మద్యపు వాసన ఉన్నది; బండి మాత్రము తిన్నగనే నడచుచున్నది. అతడు నేరస్థుడా? తేలికగా కనబడు ఈ ప్రశ్నకు మన శాసనములు కాలమునకొక తీరుగా సమాధానము చెప్పినవి.

1939 నాటి మోటారు వాహనముల చట్టము, 117వ సెక్షనులో, మొదట ఏ అంకెనూ పేర్కొనలేదు. మద్యము వలన గాని, మత్తు పదార్థము వలన గాని, వాహనమును సరిగా అదుపులో ఉంచుకొనలేని స్థితికి వచ్చినవాడే దోషి. త్రాగుట నేరము కాదు. అదుపు తప్పుట నేరము. ఆ స్థితిని తేల్చునది పోలీసువాని కన్ను, వైద్యుని ముక్కు. నడక తూలినదా, మాట తడబడినదా అని చూచి వ్రాసిన నాలుగు పంక్తులపై ఒకని లైసెన్సు, దానితో పాటు అతని ఇంటి పొయ్యి ఆధారపడియుండెను.

ఇంతలో మద్యనిషేధము వచ్చినది. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో ప్రారంభించిన ఈ విధానము 1948 నాటికి నెల్లూరుతో సహా మద్రాసు రాష్ట్రమంతటికిని వ్యాపించెను. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఇది వారసత్వముగా సంక్రమించినది. 1954 నవంబరులో ప్రకాశము గారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో కూలినదియు ఈ నిషేధపు వివాదము మీదనే. నిషేధమున్నంత కాలము బండి తిన్నగా నడిచినదా లేదా అను విచారణకు పూర్వపు ప్రాధాన్యము లేదు, త్రాగియుండుటయే చాలును.

కాని వాసన రుజువగునా? 1971లో బొంబాయి నుండి వచ్చిన ఒక మోటారు ప్రమాదపు కేసులో సుప్రీంకోర్టు కాదనినది. మద్యపు వాసన, తూలు నడక, తడబడు మాట, విప్పారిన కంటిపాపలు ఉన్నంత మాత్రమున మద్యము సేవించినట్లు నిర్ధారణ కాదు. రక్తపరీక్ష ఫలితము కావలెనని ఆ తీర్పు సారాంశము. పాశ్చాత్య దేశములు అప్పటికే ఆ త్రోవ పట్టినవి. స్వీడను శాస్త్రజ్ఞుడు విడ్‌మార్క్ పరిశోధనల పిదప, నార్వే 1936లోనే రక్తములో ఇంత మద్యమని హద్దు గీచెను. బ్రిటను 1967లో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 80 మిల్లీగ్రాములను హద్దు చేసినది. అయితే అచట ఒక విశేషము కలదు: ‘త్రాగి నడుపుటకు అనర్హుడైనవాడు’ అను పాత నేరమును వారు కొట్టివేయలేదు. కనుక హద్దునకు లోబడియున్నవానిపై కూడ అచట అభియోగము మోపవచ్చును.

మనము అట్లు చేయలేదు. 1988 చట్టపు 185వ సెక్షను, మొదట వ్రాసినప్పుడు, రక్తములో మద్యము ‘ఎంత స్వల్పమైనను’ నేరమే అనినది. ఇది మరీ కఠినమని తోచినదేమో, 1994 సవరణ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించినప్పుడే అనినది. వింత ఏమనగా, మత్తు పదార్థముల విషయమున ‘అదుపు తప్పిన స్థితి’ అను పాతమాట నేటికిని నిలిచియున్నది. మద్యము విషయమున అంకె ఒక్కటే మిగిలినది.

ఆ సవరణ వచ్చిన రెండు నెలలకే, 1995 జనవరి 16న, ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధము అమలు చేయబడెను. దీనికి మూలము, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై లేవదీసిన ఉద్యమమే. సూళ్లూరుపేటకు దక్షిణమున తడ; తడ దాటిన తమిళనాడు. అచట మద్యము దొరకును. అవతల కొద్దిగా పుచ్చుకొని, 20 మిల్లీగ్రాములతో ఇవతలకు బండి తోలుకొని వచ్చినవానిని మోటారు చట్టము తప్పుపట్టదు. నిషేధచట్టము పట్టవలెనన్న, త్రాగినది ఈ గడ్డపైననే అని చూపవలెను. ఎచట త్రాగెనో రక్తము చెప్పదు గదా! 1997లో నిషేధము సడలుటతో ఈ చిక్కు తొలగినది.

అట్లని 30కి లోపల ఉన్నవానికి పూర్తి అభయము లేదు. బండిని అడ్డదిడ్డముగా నడిపిన, అపాయకరముగా నడుపుటను శిక్షించు 184వ సెక్షను ఉన్నది. 2024 జులై వరకు భారతీయ శిక్షాస్మృతి 279వ సెక్షను, తరువాత భారతీయ న్యాయసంహిత 281వ సెక్షను ఉన్నవి. అక్కడ విచారింపబడునది చక్రము నడిచిన తీరు, మద్యపు కొలత కాదు. ప్రాసిక్యూషను వారికి ఇది కష్టతరమైన పని. యంత్రము ఉమ్మివేసిన కాగితము చాలదు, చూచిన సాక్షులు కావలెను. దెబ్బతిన్న పాదచారి పక్షమున ఆలోచించిన, ఆ సాక్ష్యము కొరకు శ్రమపడకపోవుట అన్యాయమని నా అభిప్రాయము.

గడియారము సంగతియు మరువరాదు. రక్తములోని మద్యము గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తరిగిపోవును. 185 క్రింద అరెస్టయినవానికి రెండు గంటలలో వైద్యపరీక్ష జరుపవలెనని, లేనిచో విడువవలెనని చట్టము. అర్ధరాత్రి ప్రమాదము జరిగి, పరీక్షవేళకు 25 తేలినవాడు చక్రము పట్టిననాడు ఏ గీతకు ఆవల నుండెనో లెక్క కట్టవచ్చును గాని, ఆ లెక్క ప్రతివాది న్యాయవాది ప్రశ్నలకు నిలువవలెను. 2019 సవరణ మొదటి నేరమునకు జరిమానాను రెండువేల నుండి పదివేల రూపాయలకు పెంచెను. ముప్పదిని మాత్రము కదల్చలేదు.