సంచారి స్థాయిగా మారినప్పుడు

భరతముని భయాన్ని స్థాయీభావాలలో చేర్చి, శంక, చింత, త్రాసాలను 33 సంచారీ భావాలలో లెక్కించాడు. సంచారులు నీటిపై తరగల వంటివి, పుడతాయి, అణగుతాయి. మరి కొందరిలో శంక అణగక స్థాయిగా నిలిచిపోవడమేల? ఈ ప్రశ్నకు సమాధానం వైద్యచరిత్రలో మెల్లమెల్లగా దొరికింది.

అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) అనేక సైనికులు గుండెదడతో, ఎదనొప్పితో, ఆయాసంతో ఆసుపత్రుల పాలయ్యారు. ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండెస్ డకోస్టా వారిని పరీక్షించి 1871లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఇది తేలికగా రేగే గుండె అని, లోపం గుండె పనితీరులోనిదని ఆయన తలచాడు. 1895లో ఫ్రాయిడ్ ఆందోళనను నరాల నిస్సత్తువ నుండి విడదీసి ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. వ్యాధికి పేరైతే వచ్చింది గాని, అది వదలకపోవడానికి కారణం తేలలేదు.

ఆస్ట్రేలియాలో క్లేర్ వీక్స్ అనే యువ జంతుశాస్త్రజ్ఞురాలికి క్షయ అని వైద్యులు పొరబడ్డారు. ఆ బెంగతో ఆమెకు గుండెదడ పట్టుకుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడివచ్చిన మిత్రుడొకడు, కందకాలలో సైనికుల గుండెలూ అలాగే కొట్టుకునేవని, ఆ దడకు భయపడుతున్నందువల్లనే అది తగ్గడం లేదని చెప్పాడు. ఆమెకు కనువిప్పయింది. తరువాత వైద్యురాలై, 1962లో వెలువరించిన గ్రంథంతో అసంఖ్యాకులకు ధైర్యం చెప్పింది. మొదటి భయం దానంతటదే కలుగుతుంది. ఆ భయాన్ని చూసి కలిగే రెండవ భయమే దానికి ఆయువు పోస్తుందని ఆమె బోధ. దడకు దడుచుకోవడమన్నమాట!

అమెరికన్ మనస్తత్వవేత్త మౌరర్ 1947లో రెండవ ముడి విప్పాడు. బస్సులో దడ పుట్టినవాడు నడుమనే దిగిపోతాడు, ప్రాణం కుదుటపడుతుంది. ఆ ఊరటే మరునాడు బస్సు ఎక్కవద్దని అతనికి పాఠం చెబుతుంది. దిగకుండా కూర్చున్నా ఏమీ కాకపోయేదని తెలుసుకునే అవకాశం అతనికి ఎన్నడూ రాదు. 1986లో ఇంగ్లాండుకు చెందిన డేవిడ్ క్లార్క్, సామాన్యమైన దడను చావుకు సూచనగా చదువుకోవడమే హఠాద్భీతికి మూలమని వివరించాడు. దడ వల్ల భయం, భయం వల్ల మరింత దడ: ఇదొక విషవలయం.

విరుగుడు మాత్రం అంతకుముందే కనబడింది. 1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే బెదిరే పీటర్ అనే పసివాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలును దినదినమూ కొంచెం దగ్గరకు చేర్చి భయం పోగొట్టింది. నేటి చికిత్సలోనూ ఈ క్రమపరిచయానిదే ప్రధాన స్థానం.

మన ఇళ్లలో ఆందోళనపడేవారితో "నీకెందుకు, నేను వెళ్లివస్తాలే" అంటాం. ప్రేమతో అన్న మాటే. కాని అది శంకకు పీట వేసి కూర్చోబెట్టడమే అవుతుంది. ముందుగా వైద్యునికి చూపించి, గుండెజబ్బు కాదని తేలిన పిమ్మట, తోడుగా ఒక్క స్టాపు దూరం బస్సులో తీసుకువెళ్లడం మేలు. మరికొన్నాళ్లకు ఆ తోడునూ మానాలి. అప్పుడే సంచారి మళ్లీ సంచారి అవుతుంది.