నీతి శబ్దార్థ విచారము

ఆంగ్లభాషలోని మొరాలిటీ యను పదమును మనవారు నీతి యని తెనిఁగించుచున్నారు. ఈ వాడుక నేఁడు రూఢమైనది. అయినను ఈ రెండు శబ్దముల పుట్టువులు వేఱు. ఆ భేద మెఱుంగనిచోఁ బ్రాచీన నీతిగ్రంథముల తాత్పర్యము మనకుఁ దాఱుమాఱగును.

రోమక పండితుఁడగు సిసెరో, క్రీ. పూ. 44లో విధినిగూర్చి రచించిన గ్రంథమున, గ్రీకుల ఏథికోస్ శబ్దమునకు సమానముగా మొరాలిస్ అను లాటిను పదమును గల్పించెను. దానికి మూలము మోస్, షష్ఠీరూపము మోరిస్, ఆచారమని యర్థము. మొరాలిటీ దాని సంతతిలోనిది. కావున నది యాచారమునుండి పుట్టిన మాట.

నీతి యట్టిది కాదు. ప్రాపణార్థకమగు ణీఞ్ ధాతువునకు భావమునందు క్తిన్ ప్రత్యయము రాఁగా నీ స్త్రీలింగశబ్దము నిష్పన్నమగును. ప్రత్యయము కిత్తగుటచే గుణము రాదు. నేత, నయము, నాయకుఁడు అనునవి దీని తోఁబుట్టువులు. ఈ ధాతువు ద్వికర్మకము. మేకను గ్రామమునకుఁ గొనిపోవుట యను వైయాకరణుల యుదాహరణము విద్యార్థు లెల్ల రెఱిఁగినదే. నడపఁబడున దొకటియుఁ, జేరవలసిన చో టొకటియు నుండనిదే యీ క్రియకు నిండుఁదనము లేదు.

కౌటిల్యుఁడు నాలుగు విద్యలలో దండనీతి నొకటిగా లెక్కించెను. అచ్చట నడపువాఁడు రాజు, నడపఁబడునది లోకము, గమ్యము యోగక్షేమము. కామందకుని నీతిసారమును, మడికి సింగన సంకలించిన సకలనీతిసమ్మతమును ఈ తెరువువే. భర్తృహరి నీతిశతకమునను, మన సుమతిశతకమునను బ్రధానముగా నడపఁబడునది మనుజుని నడవడి. ధాత్వర్థము మాఱలేదు, కర్మ మాత్రమే మాఱినది.

చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందలి మిత్రభేదమున దమనకుఁడు కపటముచేఁ బింగళక సంజీవకులకు విరోధము గల్పింపఁగా సంజీవకుఁడు హతుఁడగును. బుద్ధిమంతుఁడగు బాలుఁడు “అయ్యా, ఇది నీతి యెట్లగును?” అని యడిగిన నుపాధ్యాయుఁ డేమి చెప్పవలెను? నీతి యనఁగా సదాచారమే యనువాఁడు మౌనము వహింపవలసినదే. ధాత్వర్థ మెఱిఁగినవాఁడు మాత్రము “నాయనా, రాజు లోకమును నడపవలెను గదా, ఇచ్చట రాజునే యొక వంచకుఁడు నడపెను. అది గుర్తించుటయే యీ కథలోని నీతి” యని చెప్పఁగలఁడు.

ఎవఁడు, దేనిని, ఎచ్చటికి నడపుచున్నాఁడు? నీతి యను మాట వినఁబడినప్పుడెల్ల నీ మూఁడు ప్రశ్నలను శిష్యులచే వేయించుట పండితులకు విధి యని నా మనవి.