నడివేసవి పడిశం

పడిశం అంటే మనకు ముసురు పట్టినప్పుడో, ధనుర్మాసపు చలిలోనో గుర్తొస్తుంది. కానీ 1957లో అది కృత్తిక కార్తె ఎండలో, అదీ మద్రాసులో దిగింది! నవలలో ఇలా రాస్తే, "నడివేసవిలో జలుబేమిటమ్మా?" అని ఎడిటరుగారు కొట్టిపారేస్తారు. చరిత్రకు ఎడిటర్లు లేరు గదా.

మే 16న సింగపూరు నుంచి ఓ ఓడ మద్రాసు రేవుకొచ్చింది. అందులో కొందరు అప్పటికే జ్వరంతో మూలుగుతున్నారు. అంతే, 12 వారాల్లో దేశం నాలుగు మూలలా పాకిపోయింది. మరుసటి ఫిబ్రవరి దాకా లెక్కకెక్కిన రోగులే 44 లక్షల పైచిలుకు. పోయినవాళ్లు 1,098 మంది. లెక్క రాసే దిక్కులేని పల్లెల సంగతి ఈ అంకెల్లో ఎక్కడుంటుంది?

పొద్దున చెంగుచెంగున తిరిగిన మనిషి సాయంత్రానికి వణుకుతూ దుప్పటి లాక్కునేవాడు. ఒళ్లునొప్పులు, తలపోటు, పొడిదగ్గు. మూడు నాలుగు రోజుల్లో జ్వరం దిగినా నీరసం ఓ పట్టాన వదిలేది కాదు. అయిదేళ్ల పిల్లగా మా అమ్మకూ వచ్చిందట; బార్లీ నీళ్లూ, జావా తప్ప మరో మందు ఎరగనంటుంది. చాలామంది అలాగే లేచి తిరిగారు. ఆ జ్వరం మీద న్యుమోనియా తగులుకున్నవాళ్ల సంగతే వేరు.

అంత ఎండను లక్ష్యపెట్టని ధైర్యం దానికెక్కడిది? అప్పటిదాకా తిరుగుతున్నది 1918 నాటి మహమ్మారి సంతతి. ఏటేటా చీర మార్చినట్టు కాస్త మారేది. మన ఒళ్లు కాస్తో కూస్తో ఆనవాలు పట్టేది. ఈసారి వచ్చింది పక్షుల వైరస్‌తో కలిసి, పైనుండే రెండు ముఖ్యమైన మాంసకృత్తులనూ మార్చేసుకుంది. చీర కాదు, మొహమే మారింది. ఎవరూ ఎరగని మొహానికి ఋతువుతో పనేమిటి?

ఎవరూ అన్నాను గానీ, అమెరికాలో హిల్లెమన్ అనే శాస్త్రవేత్త ఆ ఏప్రిల్లో హాంకాంగు జ్వరాల వార్త పేపర్లో చదివి, వైరస్ తెప్పించి పరీక్షించాడు. డెబ్భై, ఎనభై ఏళ్ల వృద్ధులు కొందరి రక్తం మాత్రం దాన్ని గుర్తుపట్టింది! వాళ్ల చిన్ననాడో, వయసులోనో దాని చుట్టమేదో వచ్చి వెళ్లిందన్నమాట. పెళ్లిలో పాత బంధువుల్ని బామ్మలే పోల్చుకున్నట్టు.

1968లో మరో రూపం రాగానే ఇది మనుషుల్లోంచి మాయమైంది. మా అమ్మ రక్తం దాన్ని ఇప్పటికీ ఎరుగునేమో. ఆ తర్వాత పుట్టిన నేనుగానీ, నా పిల్లలుగానీ ఎరగం.